సీసాలో ఏముంటే అదే

చిల్లకల్లు,
9 నవంబరు 2025

అక్కా,

క్షేమమని రాయను. క్షేమంగా లేం. మా రొయ్యల్ని చంపేశారు.

"చచ్చిపోయాయి" అని రాయలేదు చూడు. తెలిసే రాశా.

మొన్న పొద్దున నాన్న చెరువులో మేత బుట్ట పైకి లాగితే నీలకంఠ రొయ్యలు అందులో వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయట. కేకేస్తే పరిగెత్తా. నేను వెళ్ళేసరికి గట్టు వారంతా అవే. కొన్ని నీళ్ళొదిలి గడ్డిలోకి పాకాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే వణుకుతోందక్కా, చలిజ్వరం వచ్చిన మనిషిలా. అదే చెరువులో బొచ్చెలూ శీలావతులూ ఎప్పట్లాగే మేతకొచ్చి తోకలు కొట్టుకుంటున్నాయి. వాటికేం కాలేదు.

వాగు పక్క చేను చెరువు చేస్తున్నప్పుడు పెదనాన్న నందిగామ నుంచి వచ్చి "మెట్టలో రొయ్యలేంట్రా బ్రహ్మయ్యా, మిర్చి వేసుకోక" అని నవ్వాడు. ఆ నవ్వు గుర్తొచ్చి నాన్న రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదు. మేం చెయ్యాల్సినవన్నీ చేశాం. సున్నం వేశాం, మందుల కొట్టువాడు చెప్పిన ఖనిజాలు చల్లాం, బెల్లం నీళ్ళు చల్లాం. ఇంకేం చెయ్యాలి? వాగు పైన రంగుల ఫ్యాక్టరీ ఉంది. ఏడాదిగా వాగు కంపు కొడుతోంది. ఇంకా ఎవరు చంపారని అడుగుతావా? ఇది నరహంతక పెట్టుబడి చేసిన పని!

వాగు రక్షణ కమిటీ పెట్టాం. సతీష్‌బాబన్న అధ్యక్షుడు. కరపత్రాలు రాసేది నేను. డిసెంబరు ఒకటిన చిల్లకల్లు దగ్గర హైవే మీద కూర్చుంటున్నాం. ఆ రోజుకి నీ కాగితం కావాలి. "ఫ్యాక్టరీ విషం వల్లనే రొయ్యలు చనిపోయాయి." ఒక్క వాక్యం, కింద నీ సంతకం, మీ పరిశోధన కేంద్రం సీలు. రొయ్యల జబ్బుల మీద ఇన్నేళ్ళు చదివిన అక్క ఉన్నందుకు ఆ మాత్రం అడిగే హక్కు నాకుంది. ఊళ్ళో అందరికీ చెప్పేశా కూడా.

ఫోన్లో అరుస్తున్నానని పెట్టేశావు. "ఏం చెప్పాలన్నా రొయ్యల డబ్బాతోపాటు కాగితం మీద రాసి పంపు, కాగితం అరవదు" అన్నావు. రాశా. బస్సు పార్సిల్లో రొయ్యలూ నీళ్ళ సీసా పంపుతున్నా.

పోరాటంలో ఉన్న
నీ తమ్ముడు
దిలీప్


భీమవరం,
14 నవంబరు 2025

ఒరేయ్ దిలీపూ,

కాగితం కూడా అరిచింది.

నరహంతక అని రాశావు. పోయినవి రొయ్యలు నాన్నా. పెద్ద మాటలు కాస్త దాచుకో, నిజంగా అవసరమైన రోజుకి మిగలాలి.

డబ్బా విప్పగానే ల్యాబంతా ఆసుపత్రి వాసన. రొయ్యల్ని స్పిరిట్లో ముంచమని ఎవడు చెప్పాడ్రా నీకు? స్కూల్లో సీసాలో కప్పని చూసిన జ్ఞానమా? స్పిరిట్లో వేస్తే ఆకారం నిలుస్తుంది, నాకు కావలసిన రసాయనాలు పోతాయి. అయినా చూడగలిగినంత చూశా. వైరస్ లేదు. మొప్పలు శుభ్రంగా ఉన్నాయి. లివరు బాగుంది. గుల్ల గట్టిగా ఉంది కాబట్టి గుల్ల విడిచేటప్పుడు నీరసించి పోయినవి కావు. నీళ్ళలో ఊపిరి చాలక పోయాయా అంటే, అప్పుడు ముందు బొచ్చెలు పైకి తేలి నోళ్ళు తెరవాలి. చేపలకేం కాలేదని నువ్వే రాశావు.

నువ్వు రాసిన వాటిలో నాకు పనికొచ్చిన మాట ఒకటుంది. వణుకుతోంది అన్నావు చూడు, అది. నరాల మీద పనిచేసే విషమేదో అయ్యుండొచ్చు. ఇది నా అనుమానం. అనుమానం మీద సీలు వెయ్యను.

నువ్వడిగిన ఒక్క వాక్యం నేను రాయను. ఏం కనపడితే అది రాస్తా. ఫ్యాక్టరీ కనపడితే ఫ్యాక్టరీ పేరు నీకంటే గట్టిగా రాస్తా. కనపడకపోతే నువ్వు హైవే మీద కాదు, మా గేటు ముందు కూర్చున్నా రాయను.

మళ్ళీ రొయ్యలు తీస్తే పాలిథీన్ కవర్లో కట్టి ఐసు మధ్య పెట్టు. స్పిరిట్ వద్దు, ఉప్పు వద్దు, నీ తెలివి వద్దు. నీళ్ళు గాజు సీసాలో అంచుదాకా నింపు.

బాబాయిని అన్నం తినమను. మా నాన్న నవ్వుకి భయపడితే మన ఇళ్ళలో ఎవరూ ఏ పనీ చెయ్యలేం.

సుస్మిత


చిల్లకల్లు,
18 నవంబరు 2025

సుస్మితక్కకి,

నిన్న మళ్ళీ పోయాయి. బతికిన రొయ్యలు నీరసంగా తిరుగుతున్నాయని మొన్న సాయంత్రం ఖనిజాలు ఇంకోసారి చల్లాం. తెల్లారేసరికి మళ్ళీ అదే వణుకు, అదే వెల్లకిలా పడటం. వైద్యం చేస్తున్న కొద్దీ పోతున్నాయంటే వాగులోంచి ఎంత విషం దిగుతోందో నువ్వే ఊహించు. సతీష్‌బాబన్న చెరువులో కూడా పోయాయి. ఈసారి సోడా కొట్టు నుంచి ఐసు తెచ్చి నువ్వు చెప్పినట్టే కట్టా, చెరువు నీళ్ళు గాజు సీసాలో నింపా. నా తెలివి వాడలేదు.

ఇప్పుడు నా మాట విను. నాన్న మీ ల్యాబు చూడ్డానికి వచ్చినప్పుడు అక్కడ పెద్ద ఫ్రీజరు చూశాట్ట. దాని మీద ఈ ఫ్యాక్టరీ పేరు స్టిక్కరు ఉందట. "మంచి కంపెనీలా ఉందిరా, మన అమ్మాయికి ఫ్రీజరిచ్చింది" అని నిన్న మామూలుగా చెప్పాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఫ్రీజరిచ్చినవాడి మీద నువ్వు రిపోర్టు రాస్తావా? అందుకేనా "అనుమానం మీద సీలు వెయ్యను" అన్నావు? నేను చదివిన ప్రతి కరపత్రంలో ఉంది, ముందు సాయం చేస్తాడు, తర్వాత నోరు కడతాడు అని. నాకు తెలీదనుకోకు.

ఇంకో సంగతి. జగ్గయ్యపేటలో కరపత్రం ప్రింటింగుకి ఇచ్చేశా. మూడో పేరాలో "మన ప్రాంతపు ఆడపడుచు, రొయ్యల శాస్త్రవేత్త పరీక్షించి ఫ్యాక్టరీ విషమేనని తేల్చి చెప్పారు" అని రాశా. నీ పేరు వెయ్యలేదు. కానీ నందిగామ నుంచి పేట దాకా ఎవరికి తెలీదు! ఇక నువ్వు తేల్చడమే మిగిలింది.

దిలీప్


భీమవరం,
22 నవంబరు 2025

దిలీప్,

నేను తేల్చకముందే తేల్చి చెప్పానని ప్రింటు చేశావు. ఇన్నేళ్ళలో నా మీద ఎవరూ వెయ్యని నింద అది. మా డైరెక్టరు నా మాట నమ్మకపోయిన రోజులున్నాయి. నా పేరు చెప్పి అబద్ధం అచ్చేసినవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు. మొదటివాడివి నువ్వే.

ఫ్రీజరు సంగతి. ఔను, స్టిక్కరుంది. ఆ ఫ్యాక్టరీయే ఇచ్చింది. రొయ్యలు అందులో ఉంటాయి, నేను ఉండను. వచ్చి స్టిక్కరు గోళ్ళతో గీక్కో.

ఇక రొయ్యలు. ఐసులో బాగానే వచ్చాయి. నరం కండకి "కదులు" అని కబురు పంపుతుంది. పని అయ్యాక ఆ కబురుని చెరిపేసే ఎంజైము ఒకటుంటుంది. అది పనిచెయ్యకపోతే కండ ఆగదు, కొట్టుకుని కొట్టుకుని అలిసి పోతుంది. నీ రొయ్యల్లో ఆ ఎంజైము దాదాపు అడుగంటింది. (నీ నోటికి ఆ ఎంజైము పుట్టుకతోనే లేదని నా అభిప్రాయం.) అలా చేసే మందులు నాకు తెలుసు. నీళ్ళ సీసా కూడా పరీక్ష చేయించా. పురుగుమందు దొరికింది. రంగుల ఫ్యాక్టరీలో వాడేది కాదు. మిర్చి మీద తామర పురుగుకీ కాయతొలిచే పురుగుకీ మనవాళ్ళు కొట్టేది. రొయ్యకీ పురుగుకీ ఒంటి తీరు ఒకటే, రెండూ దాయాదులు. పురుగుని చంపేది చుక్క పడినా రొయ్యని చంపుతుంది. చేప తట్టుకుంటుంది.

ఇప్పుడు అడుగుతున్నా, ఉన్నదున్నట్టు చెప్పు. రిపోర్టు ముందే అచ్చేసినవాడివి. దానికి తగ్గట్టు సీసాలోనో రొయ్యల మీదో నువ్వే ఏమైనా పోశావా? విషం అని నాతో అనిపించడానికి ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బా మూత తిప్పావా?

పోశానంటే ఇక్కడితో ఆపేద్దాం. బాబాయికి నేను చెప్పను.

సుస్మిత


చిల్లకల్లు,
24 నవంబరు 2025

సుస్మిత గారికి,

పొయ్యలేదు.

ఈ ఒక్క మాట రాసి ఉత్తరం ముగిద్దామనుకున్నా. చేతకాలేదు.

నేను కోపిష్టివాణ్ణి. డిగ్రీ మధ్యలో మానేసినవాణ్ణి. చేతికందిన ప్రతి కరపత్రం చదివి దేశం బాగుచేస్తానని తిరిగేవాణ్ణి. ఇంట్లో ఏ పేరుతో పిలిచినా పలుకుతా. కానీ దొంగ సాక్ష్యం పుట్టించేవాడివా అని నువ్వడుగుతావా? మూడో పేరా తప్పే. నువ్వు ఎలాగూ రాస్తావనే నమ్మకంతో తొందరపడ్డా. నమ్మకం వేరు, సీసాలో మందు పొయ్యడం వేరు. నీకా తేడా కనపడలేదా?

సరే. మాటలతో తేలదు. ఇవాళ డబ్బాలో ప్రాణంతో ఉన్న రొయ్యలు పంపుతున్నా, రొయ్య పిల్లల్ని తెచ్చినట్టే కవర్లలో నీళ్ళు పోసి ఆక్సిజన్ కొట్టించి. ఎర్ర దారం కట్టినవి మా చెరువులో మిగిలినవి. తెల్ల దారానివి పక్క చెరువు వెస్లీవి. తనకి ఒక్క రొయ్య కూడా పోలేదు. తనూ మా వాగు నీళ్ళే తోడతాడు. కవర్లు మా ఊరి పంచాయతీ సెక్రటరీ ముందు కట్టా, ముడుల మీద ఆయన సంతకం పెట్టించా. బతికున్న రొయ్య నరాల్లోకి నేను దూరి మందు పొయ్యలేను కదా. చూసుకోండి.

వెస్లీ అన్నాడు, "మీ అక్క అడగాల్సిందే అడిగిందిలే, నిన్ను చూస్తే ఎవరికైనా డౌటొస్తుంది" అని. వాడితోనూ మాట్లాడట్లేదు.

దిలీప్


భీమవరం,
28 నవంబరు 2025

తమ్ముడూ,

నువ్వు పొయ్యలేదు.

ఎర్ర దారం రొయ్యల్లో ఎంజైము ఇంకా సగం కూడా కోలుకోలేదు. వెస్లీ రొయ్యల్లో నిండుగా ఉంది. రెండుసార్లు చేశా. రెండోసారి అవసరం లేదు, నీకు బాకీ ఉన్నాననిపించి చేశా.

ఆ ప్రశ్న వెనక్కి తీసుకోను. నీ స్థానంలో ఎవరున్నా అడుగుతా, మా నాన్నయినా అడుగుతా. కానీ అడిగిన తీరు మాత్రం అక్క అడగాల్సిన తీరు కాదు. సుస్మిత గారు అని రాశావు చూడు, ఆ "గారు" దగ్గర చాలాసేపు ఆగిపోయా.

ఇప్పుడు పని మాట. వెస్లీకీ నీకూ నీళ్ళు ఒకే వాగువి. అంటే మందు వాగులోంచి రాలేదు. మీ చెరువులోకీ సతీష్‌బాబు చెరువులోకీ వచ్చి, వెస్లీ చెరువులోకి రానిది ఏదో ఉంది. మీరు ఖనిజాలు చల్లిన మర్నాడే రెండోసారి పోయాయని రాశావు. ఆ ఖనిజాలు ఇక్కడ మేమూ వాడతాం, వాటిలో ఏ దోషమూ లేదు. మరి దేనితో చల్లుతున్నారు? ఎక్కడ కలుపుతున్నారు? వెస్లీ దేనితో చల్లుతాడు? వెళ్ళి కళ్ళతో చూడు. చదివింది పక్కన పెట్టి చూడు.

సంతకం చేసిన రిపోర్టు ఇందులో పెట్టా. మిర్చి పురుగుమందు వల్ల రొయ్యలు పోయాయని ఉంది. వాగు నీటి వల్ల కాదని ఉంది. ఎవరు, ఎలా అనేది నాకు తెలీదు కాబట్టి లేదు. నువ్వు నీ రోడ్డు మీద చదివినా, చించి కాలవలో పారేసినా అందులో అక్షరం మారదు.

చదివితే నీకేమవుతుందో నాకు తెలుసు. చదవమని చెప్పను, వద్దనీ చెప్పను.

నీ అక్క
సుస్మిత


చిల్లకల్లు,
3 డిసెంబరు 2025

అక్కా,

ఎడమ కన్ను వాచింది, గీతలు వంకరపోతే సర్దుకుని చదువు.

నీ ఉత్తరం అందగానే వెస్లీ చెరువు దగ్గరికెళ్ళా. వాడు ప్లాస్టిక్ బేసిన్లో ఖనిజాలు కలిపి గట్టు మీద నడుస్తూ చేత్తో చల్లుతున్నాడు. "ఏంట్రా ఇంత నాటుగా?" అన్నా. "నాకు మిర్చి లేదు, మీలాగా తైవాన్ పంపెక్కడిది?" అన్నాడు.

మేం ఖనిజాలు చల్లేది ఆ పంపుతోనే అక్కా.

మా ఊళ్ళో మిర్చి వేసిన ప్రతివాడూ మందు కొట్టేది వీపుకి తగిలించుకునే తైవాన్ పంపుతో. మా చుట్టూ ఉన్న చేలన్నిటికీ సతీష్‌బాబన్న పంపే తిరుగుతుంది. పొద్దున మిర్చిలో, సాయంత్రం చెరువులో. బేసిన్ పట్టుకుని చేతులు తడుపుకోవడం మాకు నామోషీ. భీమవరం వాళ్ళు ఇలా చచ్చినా చెయ్యరేమో, వాళ్ళకి ముందు చెరువు తెలుసు. మాకు ముందు మిర్చి తెలుసు. ఆ పంపుని నాన్న ఒకసారి నీళ్ళతో తొలిపేవాడు, శుభ్రమైందనుకునేవాడు. నేను పోయి మూత తీశా. గుప్పుమంది. ఇన్నాళ్ళూ ఎందుకు తెలీలేదంటావా? మాకది వాసనే కాదక్కా. పుట్టినప్పట్నుంచీ పీలుస్తున్నాం, ఇంటి వాసనలాగా.

సతీష్‌బాబన్న దగ్గరికి కాగితం తీసుకెళ్ళా. చదివి మడిచి నా జేబులో పెట్టాడు.

"విషం అని ఉంది కదరా?" అన్నాడు.

"ఉందన్నా."

"మరింకేం. విషం వల్ల పోయాయి అని చదువు. ఏ విషమో ఎవడడుగుతాడు?"

"వాగు వల్ల కాదని కూడా ఉందన్నా."

"అది కింది పేరా. కింది పేరా దాకా ఎవడు వింటాడ్రా రోడ్డు మీద?" నవ్వాడు. తర్వాత నవ్వాపేశాడు. "ఏడాదిగా తిరుగుతున్నాం దిలీప్. ఫ్యాక్టరీ వాగుని పాడు చేస్తోందా లేదా? చేస్తోంది. ఒక్కచోట నిజం ఉంటే ఇంకోచోట అబద్ధం ఆడినా ధర్మమే. నువ్విచ్చిన కరపత్రంలోనే ఉంది, గెలుపే ముఖ్యమని."

ఉంది. నేనే ఇచ్చా. 

ధర్నాకి చాలామంది వచ్చారు. నందిగామ నుంచి ఆటోల్లో వచ్చారు, వీరులపాడు వాళ్ళు వచ్చారు. లారీలు ఆగిపోయాయి. నాన్న ముందు వరసలో తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. మైకు నా చేతికిచ్చారు. మొదటి పేరా చదివా, చప్పట్లు. రెండో పేరా చదివా. చప్పట్లు మెల్లిగా ఆగాయి. సతీష్‌బాబన్న నా చొక్కా పట్టుకు లాగాడు. "కింది పేరా" అని మైకులోనే అని చదివేశా. పంపు సంగతి కూడా చెప్పేశా, మేం వాడిన పంపూ మా నాన్నా నేనూ సహా. "ఈ రొయ్యల్ని చంపింది మనమే. ఫ్యాక్టరీతో మన తగువు ఉంది, కానీ దానికి ఈ శవాలు వాడుకోను" అన్నా.

"ఎంతిచ్చాడ్రా ఫ్యాక్టరీ వాడు?" ఎవడో అరిచాడు. ఆ మాట నీ మీద నేను వాడా కదా. విసిరేటప్పుడు బరువు తెలీలేదు.

తర్వాత కన్ను సంగతి. ఎవరు కొట్టారో చెప్పను, ఊళ్ళోవాళ్ళే. కమిటీలోంచి తీసేశారు. నేను రాసిన కరపత్రాలే నా నెత్తిన చింపి పోశారు. నాన్న ఇంటికొచ్చి ఒక్క మాటన్నాడు. "ఊరంతా ఒక మాట మీదుంటే నీకు నిజం కావాల్సొచ్చిందా?" ఆ తర్వాత ఇంతవరకూ పలకలేదు.

అయిపోలేదక్కా, అసలుది విను. నిన్న ఫ్యాక్టరీ మేనేజరు శాలువా, స్వీట్ల పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "మీలాంటి నిజాయితీపరులు ఈ తరానికి కావాలి" అట. పెట్టె నాన్న చేతిలో పెట్టాడు. నాన్న దాన్ని అరుగు మీద పెట్టి లోపలికెళ్ళిపోయాడు. నేను శాలువా తీసి ఆయన భుజానే కప్పా. "సార్, ఈ రొయ్యల చావు మీ పని కాదని మాత్రమే చెప్పా. మిమ్మల్ని మంచివాళ్ళని ఎక్కడా అనలేదు. వాగు సంగతి ఇంకా మొదలే పెట్టలేదు" అన్నా. నవ్వుకుంటూ వెళ్ళాడు.

ఇవాళ చూస్తే, ధర్నా గొడవలో నా చేతిలోంచి జారిపోయిన నీ రిపోర్టుని జిరాక్సు తీసి ఫ్యాక్టరీ గేటుకి అంటించారు! పైన పెద్దక్షరాలతో "మా నీరు స్వచ్ఛం, శాస్త్రవేత్త నిర్ధారణ" అని. ముందు నేను నీ పేరున అబద్ధం వేశా, ఇప్పుడు వాడు వేశాడు. నేను చింపబోయా. మళ్ళీ ఆగా. ఉండనీ. రేపటి నుంచి ఆ కాగితం కింద కూర్చుంటా. అంత నమ్మితే వాగులోకి వాళ్ళ నీళ్ళు వదిలే కాలవ దగ్గరికి సీసా రానివ్వమంటా. ఒక్కణ్ణే. ఎవరొచ్చినా రాకపోయినా.

సీసా ఎలాంటిది కావాలో రాయి.

దిలీప్


భీమవరం,
6 డిసెంబరు 2025

ఒరేయ్ మొండీ,

ముందు కంటికి డాక్టరు దగ్గరికెళ్ళు. జగ్గయ్యపేటే వెళ్ళు, మందుల కొట్టువాడి చుక్కలు వెయ్యకు.

నీ ఉత్తరం మా డైరెక్టరుకి ఇచ్చా. చదివి కళ్ళజోడు తీసి, "చెరువు కేసు అయిపోయింది కదమ్మా, కాలవ నీళ్ళు మనకెందుకు? వాళ్ళు మనకి చాలా చేశారు" అన్నారు. నా రిపోర్టు గేటుకి అంటించింది వాళ్ళు సార్, నా సంతకం కింద లేని మాట రాసింది వాళ్ళు, ఇప్పుడు నేను ఊరుకుంటే ఆ మాట నాదవుతుంది అన్నా. ఆయన ఫ్రీజరు వైపు చూశారు. పట్టుకెళ్ళిపోతే పోనీండి, ఐసు కొనుక్కోవడం మా తమ్ముడికి కూడా వచ్చు అన్నా.  చివరికి అనుమతి కాగితం మీద సంతకం పెట్టారు. పెట్టకపోయినా పంపేదాన్నే. ఆ మాట ఆయనకీ తెలుసు.

మూడు గాజు సీసాలు పంపుతున్నా, కడిగి సీలు వేసి. నువ్వు కడగకు. ఒకటి ఫ్యాక్టరీ కాలవ మొదట్లో, ఒకటి వాగులో కలిసేచోట, ఒకటి ఫ్యాక్టరీకి పైన శుభ్రమైన వాగులో. ప్రతి సీసా నింపేటప్పుడు వాళ్ళ మనిషి ఒకడు, ఊరి మనిషి ఒకడు ఉండాలి. రొయ్య పిల్లల్ని ఆ నీళ్ళలో వదిలి ఎలా ఊపిరి తీసుకుంటాయో, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో చూస్తా. వాటి ఒళ్ళు గాజులా ఉంటుంది, గుండె బయటికే కనపడుతుంది.

గుర్తుపెట్టుకో. అందులో ఏమీ లేకపోవచ్చు. అప్పుడు నీ ఎడమ కన్ను, కుడి కన్ను రెండూ వాయిస్తారు. అందుకు సిద్ధమైతేనే సీసా ముంచు.

నీ అక్క


చిల్లకల్లు,
12 డిసెంబరు 2025

అక్కా,

గేటు తెరిచారు.

మొదటి రోజు ఒక్కణ్ణే కూర్చున్నా. సెక్యూరిటీవాళ్ళు ఎండలోంచి లేవమన్నారు, లేవలేదు. రెండో రోజు వెస్లీ వచ్చాడు, "మాట్లాడకపోతే మాట్లాడకు, పక్కన కూర్చుంటా" అంటూ. ఆ తర్వాత వాగులో బట్టలుతికే ఆడవాళ్ళు వచ్చారు. చేతులు దురదలు పెడుతున్నాయని వాళ్ళు ఎప్పట్నుంచో అంటున్నారు. మా కమిటీ ఆ మాట ఏనాడూ రాసుకోలేదు.

నాలుగో రోజు నాన్న వచ్చాడు. క్యారేజీ నా ముందు పెట్టి, గేటుకున్న నీ కాగితం మొదట్నుంచి చివరిదాకా చదివాడు. కూడబలుక్కుంటూ, పైకే చదివాడు. తర్వాత మేనేజర్ని పిలిపించి అడిగాడు. "అయ్యా, ఇది మా అన్న కూతురు సంతకం. మా మీద రాసింది నిజమేనని మేం ఊరి ముందు ఒప్పుకున్నాం, పరువు పోయినా ఒప్పుకున్నాం. ఇదే సంతకం ఇప్పుడు మీ నీళ్ళు అడుగుతోంది. ఇస్తారా, లేకపోతే మా పిల్ల కాగితం గేటు మీంచి తీస్తారా?"

నా జన్మలో నాన్న అంత పొడుగు మాట మాట్లాడగా వినలేదు. నాతో మాత్రం ఇంకా మాట్లాడలేదు. క్యారేజీలో మాగాయి ఎక్కువ వేశాడు, అంతే.

సతీష్‌బాబన్న గేటు దాకా వచ్చి దూరంగా బండి మీద కూర్చుని చూసి వెళ్ళాడు. మా చెరువు గట్టు మీద ఆయన పంపు మళ్ళీ కనపడలేదు. అందరూ బేసిన్లు కొనుక్కున్నారు. పలకరించేవాళ్ళు మాత్రం ఇంకా తక్కువే. ఫర్వాలేదు.

మూడు సీసాలూ నువ్వు చెప్పిన మూడు చోట్లా ముంచా. వాళ్ళ మనిషి, వెస్లీ ఇద్దరూ సంతకాలు పెట్టారు. మేనేజరు నాతో అన్నాడు, "ఏమీ రాదు చూడు బాబూ, అప్పుడేం చేస్తావ్?" అని. జవాబు ఆయనకి కాదు, నీకు చెబుతున్నా.

కొలిచి చూడు అక్కా. రొయ్య పిల్లల గుండెలు చూడు. విషం ఉంటే విషమని రాయి, ఏ విషమో రాయి, ఎంతో రాయి. ఏమీ లేకపోతే ఏమీ లేదనే రాయి. నా మొహం గుర్తుకు తెచ్చుకుని ఒక్క అక్షరం మార్చకు. ఏది రాసినా అదే చిల్లకల్లు రోడ్డు మీద, అదే మైకు అద్దెకి తెచ్చి, కింది పేరాతో సహా చదువుతా. కొట్టేవాళ్ళని కొట్టనీ. వినేవాళ్ళు ఒక్కరున్నా చదువుతా, లేకపోతే లారీలకి చదువుతా.

డబ్బా సాయంత్రం బస్సుకి ఎక్కిస్తున్నా.

నీ తమ్ముడు
దిలీప్